నర్సవ్వ కల్లంలో భూకంపాలు

ఈ మధ్య ఇద్దరు యువ ఇంజనీర్లు నన్ను వెతుక్కుంటూ ఆర్మూర్ వచ్చారు. నేను పనిచేసిన సంస్థలోనే కొత్తగా చేరారట. "సార్, మీరు ముప్పై ఏళ్ళు భూకంపాల మీద పనిచేశారు కదా, మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. నిజం చెప్పాలంటే నేను భూకంపాల మీద పనిచేయలేదు, బ్యాటరీల కింద పనిచేశాను. ఎడమ భుజం ఇప్పటికీ కుడి భుజం కన్నా కిందికే ఉంటుంది. దర్జీకి ప్రతిసారీ చెప్పుకోవాలి.

వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు. రాసేంత రాలేదు.

మోసేవాడి శాస్త్రం

నేను చేరిన ఎనభైల్లో మా పరికరాలకు జ్ఞాపకం ఉండేది కాదు, కాగితం ఉండేది. కిరోసిన్ దీపం పొగ పట్టించిన కాగితాన్ని డబ్బాకు చుట్టేవాళ్ళం. సన్నటి సూది దాని మీద తెల్లగీత గీసేది. రోజూ వెళ్ళి కాగితం మార్చాలి, మసి చెదరకుండా వార్నిష్‌లో ముంచాలి, ఆరబెట్టాలి. సాయంత్రానికి మేము బొగ్గు కొట్లో గుమాస్తాల్లా ఉండేవాళ్ళం. అయితే ఒక సుఖం ఉండేది. ఏం జరిగిందో కంటికి కనిపించేది. గీత వంకరగా ఉంటే ఎందుకు వంకరపోయిందని అడిగేవాళ్ళం.

తొంభైల్లో కొత్త రికార్డర్లు వచ్చాయి. ఇనుప పెట్టె, లోపల చిప్పులు. నేల కదలికను పట్టే సెన్సర్‌ను గది మూలన సిమెంటు దిమ్మె మీద పెట్టి దీనికి కలిపితే చాలు. కదలిక ఒక హద్దు దాటితే పెట్టెకు మెలకువ వచ్చి ఆ ముక్కను దాచుకుంటుంది. అలాంటి ఒక్కో ముక్కను ఈవెంట్ అనేవాళ్ళం. మూడు నాలుగు రోజులకోసారి వెళ్ళి ల్యాప్‌టాప్ తగిలించి వాటిని దించుకోవాలి. పాత బ్యాటరీ తీసి, చార్జి చేసినది పెట్టాలి. గడియారం సరిచూడాలి. ఇంతే పని. ఇంత తేలిక పనిలో తప్పు చేయడానికి నిజంగా ప్రతిభ కావాలి. నాకు ఉండేది.

మా డాక్టర్ గారు, అంటే హైదరాబాదులో ఉండే మా విభాగాధిపతి, మొదటిరోజే పని పంచారు. "దించడం మీ పని. చూడటం మా పని. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు గీతలు చూస్తూ కూర్చుంటే బ్యాటరీ ఖర్చవుతుంది." నేను క్రమశిక్షణ గలవాణ్ణి. చూడటం మానేశాను. నా మొదటి తప్పు అది. ఆయన కూడా చూడరని అప్పుడు తెలియదు.

పోశెట్టి షాపు

దూరాన ఎక్కడో పెద్ద భూకంపం వచ్చిన ఏడాది, మా జిల్లాలోనూ కొన్నాళ్ళు పరికరాలు పెట్టి చూడమన్నారు. ఊరివాణ్ణి కనుక నన్ను పంపారు. బాల్కొండలో ఒకటి, ధర్పల్లిలో ఒకటి, ముప్కాల్ దగ్గరి ఒక చిన్న పల్లెలో ఒకటి పెట్టాం. ఆర్మూర్‌లో పసుపు గోదాము పైగది అద్దెకు తీసుకున్నాం. ఆ గదిలో తుమ్మితే కూడా పసుపే వచ్చేది. జీపు నడిపే లింబన్న ఈ ఊరివాడే. ప్రతి మలుపులో ఒక చుట్టం ఉండేవాడు, ప్రతి చుట్టం దగ్గరా ఒక చాయ్ ఉండేది.

గదిలో కరెంటు ఉండేది, అంటే వైర్లు ఉండేవి. అందుకని బ్యాటరీలు బస్టాండు దగ్గర పోశెట్టి షాపులో చార్జికి ఇచ్చేవాణ్ణి. పోశెట్టి మంచివాడు. ఎవరికీ కాదనలేడు. మా బ్యాటరీలు మంచి కంపెనీవని అతనికి అర్థమయ్యాక, వాటి మంచితనాన్ని నలుగురికీ పంచడం మొదలుపెట్టాడు.

జనవరిలో ఒకరోజు ముప్కాల్ పల్లెకు వెళ్తే పెట్టె చచ్చిపోయి ఉంది. నేను నాలుగు రోజుల కిందే పెట్టిన బ్యాటరీలో ప్రాణం లేదు. తిరిగొచ్చాక పోశెట్టిని నిలదీశాను.

"ఒక్క రాత్రే సార్" అన్నాడు. "మా బామ్మర్ది పెండ్లి బరాత్‌ల మైక్‌సెట్టుకు ఇచ్చిన. పొద్దుగాల్లనే మల్ల చార్జింగ్ పెట్టిన."

"ఎంతసేపు పెట్టినవ్?"

"కరెంటు ఉన్నంత సేపు పెట్టిన."

"ఎంతసేపున్నది?"

"గా ముచ్చట నన్నడుగుతె నేనేం జెప్తా సార్, కరెంటోల్లను అడగాలె."

ఆనాటి నుంచి ప్రతి బ్యాటరీ మీదా తెల్లరంగుతో నంబరు రాసి, హైడ్రోమీటరుతో నేనే కొలిచి, డైరీలో రాసుకున్నాకే జీపెక్కించేవాణ్ణి. కొత్తవాళ్ళకు నా సలహా కూడా ఇదే. చార్జి అయిందని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టండి, ఆ తర్వాత మీటరు పెట్టండి.

సున్నాలు

బ్యాటరీ చచ్చిన ఆ రోజు జరిగింది అసలు సంగతి.

ఆ పల్లెలో మా పెట్టె ఉన్నది నర్సవ్వ అనే రైతు ఇంటి వెనక గదిలో. నలభై అయిదేళ్ళు ఉంటాయి. భర్త మస్కట్‌లో మేస్త్రీ పని. ఇక్కడ రెండెకరాల పసుపు, దాని పక్కన మక్క, అన్నీ ఆమె ఒక్కతే చూసుకునేది. సిమెంటు నేల, తాళం ఉన్న గది ఊళ్ళో అదొక్కటే కనుక అడిగి తీసుకున్నాం. గది గోడకు అవతల కల్లం. సర్కారుకు సాయం చేసినందుకు ఆమె అప్పుడే పశ్చాత్తాపపడుతోంది.

"సంచులు పెట్టుకునే గదిల మీ డబ్బా పెట్టి తాళమేసుకపోతిరి. నా సంచులు వానల నిలవడాల్నా సారూ?"

"కొన్ని దినాలే నర్సవ్వా."

"గా ముచ్చట బోనాలప్పుడు గూడ జెప్పినవ్. సరె తియ్, పొద్దు నెత్తి మీదికొచ్చింది. గట్క తిని పని జేస్కో."

మక్కగట్క, అంటే మొక్కజొన్న నూకల ముద్ద, పచ్చిపులుసు వడ్డించింది. కరెంటు పోతే పెట్టె గడియారం కూడా ఆగిపోతుంది, మళ్ళీ కలపాలి. మా పరికరాలన్నీ గ్రీనిచ్ కాలంలో నడుస్తాయి. మన కాలం కన్నా అయిదున్నర గంటలు వెనక. రేడియోలో ఒంటిగంట బీప్ పడితే పెట్టెలో ఏడున్నర కొట్టాలి. ఎడంచేత్తో ట్రాన్సిస్టర్ పెట్టుకున్నాను, కుడిచేతిలో ముద్ద ఉంది, ఎదురుగా నర్సవ్వ సంచుల గురించి ఇంకా చెబుతూనే ఉంది. బీప్ పడింది. పదమూడు గంటలని కొట్టాను.

ఆఫీసు ఫారంలో "కాలం: గ్రీనిచ్" అని ముందే అచ్చువేసి ఉంటుంది. సంతకం పెట్టాను. రాత్రి నా డైరీలో మాత్రం జరిగింది జరిగినట్టు రాశాను: "ఒంటిగంట బీప్‌కు 13:00 కలిపితిని. గట్క బాగున్నది." రాశాను కానీ చదవలేదు. డైరీ రాసేవాళ్ళందరికీ ఈ జబ్బు ఉంటుంది.

తర్వాతి ప్రయాణాల్లో గడియారం సరిచూడలేదా అంటే, చూశాను. బీప్ పడినప్పుడు నిమిషాల దగ్గర ముప్పై కనిపించాలి. సున్నాలు కనిపించేవి. సున్నాలు చూస్తే ఎవరికైనా మనసుకు హాయిగా ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలైన గడియారమని మెచ్చుకున్నాను కూడా.

హైదరాబాదులో ఆనందం

ఫిబ్రవరి చివర నుంచి ఆ పెట్టె నిండటం మొదలైంది. బాల్కొండలో ఏమీ లేదు, ధర్పల్లిలో ఏమీ లేదు. ముప్కాల్ పల్లెలో మాత్రం రోజూ పదుల కొద్దీ ఈవెంట్లు. నేను ఫ్లాపీల్లోకి ఎక్కించి హైదరాబాదుకు పోస్టు చేసేవాణ్ణి, వేళలూ లెక్కా ఎస్టీడీ బూత్ నుంచి చెప్పేవాణ్ణి. డాక్టర్ గారు ఫ్లాపీలు తెరవలేదు. నేను ఫోన్లో చెప్పిన వేళలకు అయిదున్నర గంటలు కలిపి గ్రాఫు గీయించారు. ప్రతిరోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా వరసగా ప్రకంపనలు!

"రాత్రిపూట గంగాధర్! ఊరు నిద్రపోయే వేళ" అన్నారు. ఆయన గొంతులో అంత సంతోషం పే కమిషన్ వచ్చినప్పుడు కూడా వినలేదు. "కరెంటు ఆఫీసును అడిగించాను. ఆ వేళకు అక్కడ ఒక్క మోటారు కూడా తిరగదట. అంటే మనిషి చేసింది కాదు. భూమి చేసింది."

"మరి మిగతా రెండు చోట్ల ఏమీ లేదు సార్."

"చిన్నవి, పైపొరలోవి. అంతదూరం వెళ్ళవు."

ప్రశ్న నాది, సమాధానం ఆయనది. హోదాను బట్టి ప్రశ్న ముగిసింది. ఆయన సదస్సుకు వ్యాసం పంపారు. అంతటితో ఆగితే మంచి వ్యాసంగానే మిగిలిపోయేది. కానీ ముందుజాగ్రత్తగా రెవెన్యూ వాళ్ళకు కూడా ఉత్తరం రాశారు. వాళ్ళు ఇంకా ముందుజాగ్రత్త గలవాళ్ళు. ఒక మంగళవారం పల్లెలో డప్పు చాటింపు వేయించారు: రేపు సాయంత్రం అయిదు గంటల్లోగా ఊరంతా ఖాళీ చేయాలి, పది రోజులు ఆర్మూర్ హైస్కూల్లో ఉండాలి.

రెండు రోజుల సెలవు

బుధవారం పొద్దున మేం వెళ్ళేసరికి ఊళ్ళో ట్రాక్టర్ల మీదికి మంచాలు ఎక్కుతున్నాయి. నర్సవ్వ కల్లంలో పసుపు ముందు కూర్చుంది. ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టి, గలగలలాడే కొమ్ములు. సగం పాలిష్ అయింది, సగం కావాలి. పడమట మబ్బు పట్టింది. ఎండిన పసుపు మీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. తొమ్మిది నెలల పంట గుట్టగా పోసి ఉంది.

"పోవాలె అక్కా, ఆర్డరొచ్చింది" అన్నాడు లింబన్న.

"నువ్వు పోరాదు తమ్మీ, నీకేమున్నదని ఈడ? భూమి ఊగితె ఊగనీ. గిది తడిస్తె ఏ సేటు కొంటడు? రోజు లెక్కనే నాలుగ్గొట్టంగ కరెంటొస్తది. రెండు పూటలు డ్రమ్ము తిప్పితె సంచులకెత్తుకుంటా. గప్పుడు భూకంపం రమ్మను, కుర్చేసి కూసుండబెడ్త."

నేను ఆమెకు నచ్చచెప్పాలని జేబులోంచి గ్రాఫు నకలు తీశాను. "చూడు నర్సవ్వా, రోజూ వస్తున్నయ్. ఈ రెండు దినాలు తప్ప ఒక్క దినం విడువలే."

ఆమెకు చదువు రాదు కానీ ఖాళీ కనిపిస్తుంది. వేలుపెట్టి అడిగింది. "గీ రెండు దినాలు ఎప్పటియి?"

"పోయిన శుక్రారం, శనారం."

"గా రెండు దినాలా? ట్రాన్స్‌ఫారం కాలిపాయె గదా. కరెంటే లేకుండె. డ్రమ్ము గూడ బందే." లింబన్న వైపు తిరిగి నవ్వింది. "భూమి గూడ కరెంటు మీదనే ఊగుతదారా తమ్మీ?"

లింబన్న నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గది గోడకు ఆనుకుని, కల్లం అంచున ఆ డ్రమ్ము నిలబడి ఉంది. మనిషెత్తు ఇనుప పీపా, అడ్డంగా ఇరుసు మీద. లోపల పసుపు పోసి మోటారుతో తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు పోతుంది. గిరాకీ కాలమని ఫిబ్రవరి చివర కిరాయికి తెచ్చి పెట్టారు; ఊరి పసుపంతా వంతులవారీగా అందులోనే, చివరి వంతు నర్సవ్వది. నేనొచ్చేది ఎప్పుడూ పొద్దున, కరెంటు లేనప్పుడు. అది తిరగడం నేను చూడలేదు. ల్యాప్‌టాప్ ఎత్తుకు సరిగ్గా సరిపోతుందని దాని చట్రం మీదే పెట్టి డేటా దించేవాణ్ణి. మూడు వారాలుగా భూకంపం మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని భూకంపం కోసం వెతికాను.

అయినా లెక్క కుదరలేదు. డ్రమ్ము నాలుగింటికి తిరిగితే, ప్రకంపనలు తొమ్మిదిన్నరకు ఎలా వస్తాయి? నాలుగుకూ తొమ్మిదిన్నరకూ తేడా అయిదున్నర.

సంచిలోంచి డైరీ తీశాను. జనవరి పేజీ. గట్క బాగున్నది.

ఏది ఆఫీసు రికార్డు?

ముప్కాల్‌లో ఫోన్ దాకా జీపు నడుస్తుంటే నేను ఆలోచించింది సత్యం గురించి కాదు. నోరు మూసుకుంటే ఏమవుతుందని. ఊరు పది రోజులు బడిలో పడుకుని వస్తుంది. డాక్టర్ గారి వ్యాసం అచ్చవుతుంది. నా సంతకం మీద మచ్చ పడదు. ఒక్క నర్సవ్వ పసుపు తడుస్తుంది. ఎంత తక్కువ నష్టం! ఇలాంటి లెక్కలు ఆఫీసు మనిషికి చాలా వేగంగా వస్తాయి.

లింబన్న అద్దంలో చూస్తున్నాడు. "సార్, డైరీల రాసింది మీరే గదా?"

"అవును."

"మరి గట్ల చెమటలు వడుతున్నయేంది? వేరేటోల్లు రాసినట్టు."

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ముందు తెలివిగా మొదలుపెట్టాను. "సార్, గోడ పక్కన పసుపు డ్రమ్ము ఒకటి ఉంది."

"రాత్రి పదింటికి పసుపు ఎవరు పాలిష్ చేస్తారు గంగాధర్?"

ఇక దాటవేసే దారి లేదు. "రాత్రి కాదు సార్. సాయంత్రం నాలుగు. గడియారం నేను తప్పు కలిపాను. గ్రీనిచ్ బదులు మన టైము పెట్టాను."

"ఫారంలో ఏముంది?"

"గ్రీనిచ్ అని ఉంది సార్."

"సంతకం?"

"నాదే."

"తప్పని ఎక్కడుంది?"

"నా డైరీలో."

"రెంటిలో ఏది ఆఫీసు రికార్డు?"

"ఫారమే సార్."

"మరి ఫారమే కరెక్టు" అని ఫోన్ పెట్టేశారు. తర్కంలో ఒక్క దోషం లేదు. ఇప్పటికీ మెచ్చుకుంటాను.

నాలుగు గంటలు

ఊరు ఖాళీ చేయించడానికి ఎమ్మార్వో గారు మూడున్నరకే జీపులో వచ్చారు. నేను ఆయనకు ఎదురెళ్ళి ఒక్కటే అడిగాను. "ఆర్డరు అయిదింటికి కదా సార్. నాలుగింటికి ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. భూకంపం చూపిస్తాను."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "చూపిస్తారా? మీరు పట్టుకుంటారని విన్నాను గానీ, పుట్టిస్తారని వినలేదు."

ల్యాప్‌టాప్‌ను ఈసారి డ్రమ్ము మీద కాక మంచం మీద పెట్టాను. ఈవెంట్ల సంఖ్య తెర మీద కనిపించేలా చేశాను. నర్సవ్వ, పక్కింటి ఆడవాళ్ళు గంపలతో కొమ్ములు డ్రమ్ములో పోసి తలుపు బిగించారు. నాలుగు అయింది. కరెంటు రాలేదు. అందరూ నా వైపు చూశారు. నేను ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాను. జీవితంలో కరెంటు ఆఫీసును అంత భక్తిగా తలుచుకున్నది అప్పుడే. నాలుగూ ఆరుకు బల్బు వెలిగింది.

డ్రమ్ము కదిలింది. కొమ్ములు దబదబా పడుతున్నాయి, అరికాళ్ళకు అదురు తెలుస్తోంది. తెర మీద సంఖ్య ఒకటి పెరిగింది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఆపండి" అన్నారు ఎమ్మార్వో. ఆపారు. సంఖ్య ఆగింది. "తిప్పండి." సంఖ్య నడిచింది. నాలుగుసార్లు ఆపించి, నాలుగుసార్లు తిప్పించారు. ఆయనకు కూడా సరదా పుట్టినట్టుంది.

నర్సవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సాలా సారూ, ఇంకో భూకంపం గావాల్నా? గావాలంటె ఇంకో గంప పోస్త."

అప్పుడు మొదటిసారి ఆ గీతలు తెరిచి చూశాను. భూకంపమైతే గీత ఉన్నట్టుండి ఎగసి, తోకలా మెల్లగా సన్నబడుతుంది. ఇది యంత్రంలా ఒకే తీరుగా పైకీ కిందికీ పోతోంది. పొగకాగితం కాలంలో అయితే చాయ్ తాగుతూ చెప్పేసేవాణ్ణి. హైదరాబాదులో మూడు వారాలుగా విప్పని ఫ్లాపీల్లో ఉన్నదీ ఇదే.

ఎమ్మార్వో గారు "రాసిస్తారా?" అన్నారు. తప్పు నాదని, కారణం ఇదని, తేదీ, రెండు కాలాలూ వేసి, డైరీ పేజీ నకలు చేసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన ఆర్డరు ఆపారు. ట్రాక్టర్ల మీది మంచాలు తిట్లతో సహా దిగాయి. తిట్లలో నా వాటా నాకు అందింది.

ఆ రెండు సాయంత్రాలు నర్సవ్వ డ్రమ్ము ఆగలేదు.

తర్వాత నాకు మెమో వచ్చింది. గడియారం తప్పు కలిపినందుకు కాదు. అనుమతి లేకుండా ఆఫీసు సంగతులు సొంత పుస్తకంలో రాసినందుకు. దాన్ని ఆ ఏటి డైరీలోనే అంటించాను. అందిన సమయం రెండు కాలాల్లోనూ వేశాను.

కొత్తవాళ్ళకు చెప్పేది కొంచెమే. ఒక్క పెట్టె మాత్రమే చూసిన భూకంపాన్ని నమ్మకండి, ముందు గోడ అవతల ఏముందో చూడండి. పొద్దున వెళ్ళే చోటికి ఒక్కసారైనా సాయంత్రం వెళ్ళండి. దించమన్నా సరే, చూడండి. తప్పు చేసినప్పుడు మొదట మీరే చెప్పండి. గౌరవం పెరుగుతుందని కాదు, అది పెరగదు. ఎవరి పసుపో తడవకుండా ఉంటుందని.

శనివారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. పొద్దున పల్లెకు వెళ్ళి డేటా దించుకొచ్చి నేను గోదాము పైగదిలో ఉన్నాను. కింద ఆర్మూర్ మార్కెట్ యార్డు రేకుల నీడన నర్సవ్వ తన సంచుల మీద కూర్చుని, పొడి చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ ఎవరితోనో బేరం విషయంలో కయ్యానికి దిగి ఉంది. వాన తగ్గాక మామూలుగా బూత్‌కు వెళ్ళి, రోజువారీ లెక్క చెప్పడానికి హైదరాబాదుకు ఫోన్ చేశాను.

"ముప్కాల్ నిన్న ఎన్ని?" అన్నారు డాక్టర్ గారు, ముక్తసరిగా.

"సున్నా సార్."

"మొన్న?"

"మొన్న పొద్దుగూకేవరకు ముప్పై ఒకటి. తర్వాత లేవు."

"ఏం, భూమి ఒక్కసారిగా శాంతించిందా?"

"లేదు సార్" అన్నాను. "నర్సవ్వ పసుపు అయిపోయింది."